మేజోళ్ళలో నక్షత్రాలు

ఆమె దర్జీ. డిసెంబరు వచ్చిందంటే మిగిలిన ఎర్రగుడ్డ ముక్కలన్నీ పోగేసి మూరెడేసి క్రిస్మస్ మేజోళ్ళు కుట్టేది. వాటి నిండా బొంగరం, విజిల్, రబ్బరు, రంగు పెన్సిళ్ళు కూరి బస్టాపు పక్కన అమ్మేది. చవకలో పిల్లల్ని మురిపించాలనుకునేవాళ్ళు ఆగి మరీ కొనేవాళ్ళు. ఈ ఏడు కొత్తగా, నొక్కితే వెలిగే ప్లాస్టిక్ నక్షత్రాలు దొరికాయి. వాటిని చూసి ఆమే చిన్నపిల్లలా సంబరపడి, మేజోడుకొకటి వేసింది.

"నాకూ ఒక మేజోడు నింపు అమ్మాయ్. బొంగరం వద్దు, మోకాళ్ళ మందు వెయ్యి," అంది అత్తగారు, పక్కన కూర్చుని మేజోళ్ళ మూతులు కడుతూ.

పండుగ ముందురోజు పొద్దున ఒక ప్లేస్కూల్ టీచర్, సాయంత్రం పిల్లలకు పంచాలని, తన నంబరిచ్చి పెద్ద సంచీడు మేజోళ్ళు తీసుకుంది. మిగిలినవి దారినపోయేవాళ్ళు కొనేశారు. ఆమె మధ్యాహ్నానికే సంతోషంగా ఇల్లు చేరింది.

ఇల్లు పీకి పందిరేసే రెండేళ్ళ కొడుకు మూల కూర్చుని ఉన్నాడు. చొంగ కారి చొక్కా తడిసిపోయింది.

"పొద్దెక్కినకాణ్ణుంచీ ఇంతే. జలుబేమో," అంది అత్తగారు.

పాలు పట్టబోతే మెడ తిప్పేసుకుని ఏడ్చాడు. ఏడుపు బొంగురుగా ఉంది. ఎత్తుకోబోయిన ఆమెకు కుట్టుమిషను కింద ఒక నక్షత్రం కనిపించింది. వెనక మూత ఊడి పక్కన పడుంది. లోపల బిళ్ళ బ్యాటరీ లేదు. మంచం కింద, చీపురుతో, చేతులతో వెతికింది. దొరకలేదు.

ఆస్పత్రిలో డాక్టరమ్మ ఎక్స్‌రే చూసి కుర్చీలోంచి లేచి నిలబడింది. "ఆహారనాళంలో ఇరుక్కుంది. మింగి ఎంతసేపైంది?"

"తెలీదమ్మా. నేను వెళ్ళేటప్పటికి బానే ఆడుకుంటున్నాడు."

"నాణెం మింగినట్టు కాదమ్మా ఇది. లోపల తడి తగిలితే కాల్చేస్తుంది. ఇప్పుడే తియ్యాలి."

వాణ్ణి ఆమె చేతుల్లోంచి తీసుకెళ్ళారు. తలుపు మూసుకుంది. లిఫ్టులు బాగుచేసే భర్త ఎక్కడో పనిలో ఉన్నాడు, కబురు పంపారుగానీ ఇంకా రాలేదు. బెంచీ మీద అత్తా కోడలూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని కూర్చున్నారు.

ఉన్నట్టుండి ఆమె అత్తగారి చెయ్యి వదిలేసింది. "అత్తయ్యా, ఆ నక్షత్రాలు! ప్లేస్కూల్లో సాయంత్రం పంచుతారు. అందరూ వీడి ఈడు వాళ్ళే!"

టీచర్‌కి ఫోన్ చేసింది. మోగి మోగి ఆగింది. మళ్ళీ చేసింది. ఎత్తలేదు. ఆమె లేచింది, మూసిన తలుపు చూసి మళ్ళీ కూలబడింది.

"వాడు కళ్ళు తెరిస్తే నన్ను అడుగుతాడు అత్తయ్యా."

"నేను చెప్తాలే, అమ్మ వస్తోందని. నాకా బడి తెలీదు, పరిగెత్తే కాళ్ళూ లేవు. నువ్వెళ్ళు." ముసలావిడ ఆమెను బెంచీ మీంచి నెట్టింది. "వెళ్ళవే, ఆలోచించకు!"

టాక్సీ సగం దారిలో వాహనాల మధ్య ఇరుక్కుపోయింది. దిగి పరిగెత్తింది. ఒక చెప్పు తెగిపోతే రెండోదీ వదిలేసింది. దేవుడా, వీధి ఇంత పొడుగెప్పుడైంది?

ప్లేస్కూల్లో పాటలు హోరెత్తుతున్నాయి. చాప నిండా పిల్లలు, ఖాళీ మేజోళ్ళు. ప్రతి చేతిలో నక్షత్రం వెలుగుతోంది. ఆమె మధ్యలోకి దూకి అందినవి అందినట్టు లాక్కోసాగింది. పిల్లలు గొల్లుమన్నారు.

టీచర్ ఆమె చెయ్యి పట్టుకుంది. "ఏంటండీ ఇది! అమ్మినవి మళ్ళీ లాక్కుంటారా?"

"బ్యాటరీ ఊడొస్తుందండీ. మావాడు మింగేశాడు. ఆపరేషన్ బల్ల మీదున్నాడు!"

టీచర్ పాట ఆపేసింది. ఇద్దరూ కలిసి పిల్లల చేతులూ జేబులూ వెతికారు. కిటికీ పక్క రెండు జడల పిల్ల బుగ్గ ఉబ్బించి కూర్చుంది. దాని ఒళ్ళో నక్షత్రం మూత తెరుచుకుని ఉంది. ఆమె దాని దవడలు పట్టి నోట్లో వేలు పెడితే పిల్ల కసుక్కున కొరికింది. ఆమె వేలు తియ్యలేదు. తడిసిన బ్యాటరీ ఆమె అరచేతిలో పడింది.

"దొంగ! బొమ్మల దొంగ!" అని ఏడ్చింది పిల్ల.

ఆమె గోడకి జారగిలబడింది. అప్పుడే ఫోన్ మోగింది.

"తీశారమ్మా," అంది అత్తగారు. "ప్రాణానికి భయం లేదంట. కానీ లోపల బాగా కాలిందంట."

మర్నాడు పండగ. భర్తను పిల్లాడి దగ్గర ఉంచి ఆమె పొద్దున్నే బస్టాపులో నిలబడింది. మేజోళ్ళు కొన్నవాళ్ళను పోల్చుకోవాలని ప్రతి మొహంలోకీ తొంగి చూసింది. కొందరు విని భయపడి పరుగున ఇంటికి వెళ్ళారు. ఒకాయన నలుగురిలో నిలబెట్టి నానా మాటలూ అన్నాడు. చేతులు జోడించింది. చాలామంది మళ్ళీ ఆ దారిన రానేలేదు. వార్డులో ఏ పిల్లాడు ఏడ్చినా లేచి వెళ్ళి చూసేది, తన నక్షత్రం వల్లేనేమోనని. అలా ఎవరూ రాలేదు. వేరే ఆస్పత్రికి వెళ్ళి ఉంటే? ఆ సంగతి ఆమెకు ఎప్పటికీ తెలియలేదు.

వాడికి చాలా రోజులు ముక్కులోంచి గొట్టంతోనే పాలు. చివరికి ఒకరోజు డాక్టరమ్మ నీళ్ళు పట్టి చూడమంది. ఆమె చెంచా అందించింది. వాడు అనుమానంగా చూసి, నోరు తెరిచాడు. ఆ గుక్క గొంతు దిగేదాకా తండ్రీ, తల్లీ, నాయనమ్మా ఊపిరి బిగబట్టారు.

వాడు దగ్గాడు. కాసేపాగి మళ్ళీ నోరు తెరిచాడు.