చూడామణమ్మ తోమిన తొట్టి

దామోదరానికి ఒక పిచ్చి పట్టిందంటే అది వదిలేదాకా ఇంట్లో ఎవరికీ నెమ్మది ఉండదు. పోయిన ఏడు గ్రామఫోను, ఈ ఏడు చేపలు. హార్బరు ఆఫీసులో పొద్దస్తమానం కుర్చీ కదలని మనిషి, చింతాద్రిపేటలో ఇల్లు చేరాడంటే చాలు, కాలు కాలిన పిల్లిలా చేపల తొట్టి చుట్టూ తిరుగుతాడు. అది గాజు తొట్టి. దానికి ఇనుప చట్రం, చట్రానికి తుప్పు, మూలల్లో పుట్టీ ఊడి నేలంతా నీళ్లు. అందుకని స్నేహితుడు నాగప్పన్ దగ్గర్నుంచి కొత్తరకం తొట్టి ఒకటి చూసిస్తానని తెచ్చాడు. దాని పేరు పెర్‌స్పెక్స్‌ట. యుద్ధంలో విమానాల కిటికీలకు వాడిన ప్లాస్టిక్ గాజుట. చట్రం లేదు, పుట్టీ లేదు, కింద పడినా పగలదు, ఒంటిచేత్తో ఎత్తుకుపోవచ్చు.

శనివారం సాయంత్రం ఆ ఖాళీ తొట్టిని పాతదాని పక్కనే బల్ల మీద పెట్టి తల్లిని పిలిచాడు.

"అమ్మా, వంట అయినాక దినమంతా దీని ముందర కూర్చునేది నువ్వే గదా. రేపు పొద్దున బంగారు చేపలు తెచ్చి దీంట్లో కూడా వదుల్తా. దేంట్లో తేటగా అగుపిస్తాదో నువ్వే చెప్పు. నువ్వు చెప్పిందే ఉంచుకుందాం. సాయంత్రం నాగప్పన్ వస్తాడు, ఆ లోపల చెప్పెయ్యాల."

చూడామణమ్మ రెంటి వంకా మార్చి మార్చి చూసింది. ఆవిడకు రెండు తొట్లూ ఒకటే, రెండూ మసకే. తొట్లే కాదు, గడప, కోడలి మొహం, ఆకులో వడ్డించిన అన్నం, అన్నిటి మీదా పల్చటి గంజి పోసినట్టుంది. ఏడాదిగా ఈ సంగతి ఎవరికీ తెలియకుండా వంటంతా తనే నెట్టుకొస్తోంది. రాయపురంలో ఆవిడ అక్క అమ్మణికి చూపు తగ్గిందని తెలిసిన రోజే కోడళ్లు చేతిలోంచి గరిటె తీసేసుకున్నారు. ప్రేమగానే తీసుకున్నారు, "మీరు కూర్చోండి అత్తా" అని. ఆ కూర్చోవడం కూర్చోవడం అమ్మణి ఇప్పటికీ గోడవార పీట మీదే ఉంది. పలకరించినా సరిగ్గా పలకదు. ఆ పీట తలుచుకుంటేనే చూడామణమ్మకు భయం.

ఆదివారం తెల్లవారగానే దామోదరం మూర్ మార్కెట్టుకు పరుగెత్తాడు. కోడలు కోకిల పెరట్లో గుడ్డలు ఉతుకుతోంది. చూడామణమ్మ కూర్చుంది, లేచింది, మళ్లీ కూర్చుంది. చేయి పెట్టి చూస్తే గాజు చల్లగా తగిలింది, కొత్తది అంత చల్లగా లేదు. గోటితో కొడితే గాజు ఖంగుమంది, ఇది మొద్దుగా పలికింది. ఏది ఏదో చేతికి తెలుస్తోంది, కానీ వాడడిగింది చేతిని కాదే! నోటికొచ్చింది చెప్పేద్దామంటే, "ఆ చేప తోక చూడు" అని వాడు ఇంకోటి అడక్క మానడు.

అప్పుడు తట్టింది ఆవిడకు, ఇది ఒకరింటి నుంచి వచ్చిన తొట్టి గదా, మురికి పట్టి ఉంటుందని. పరాయి ఇంటి గిన్నె ఏదైనా తోమకుండా వాడటం ఆ ఇంట్లో లేనే లేదు. మసక కళ్లది కాదేమో, తొట్టిదేమో! ఆ ఆశతో లేచి కొబ్బరి పీచు తీసింది. ఇంత చింతపండు, ఇంత పొయ్యి బూడిద వేసి, ఇత్తడి బిందెను తోమినట్టు తోమింది. కడిగి వాకిట్లో వెలుతురుకు ఎత్తి చూసింది. పోలేదు. పోదేం? మళ్లీ తోమింది, భుజాలు లాగేదాకా తోమింది.

"అయ్యయ్యో!" అంటూ దామోదరం చేపల సీసాతో గుమ్మంలోనే నిలబడిపోయాడు. "ఏం చేసినావమ్మా?"

"మసగ్గా ఉండింది రా. తోమినా."

"మసగ్గానా? నిన్న పాలరాతి మీద నీళ్ల మాదిరి ఉండె గదా! ఇప్పుడు చూడు, అంతా గీతలే..."

అంటూనే ఆగిపోయాడు. తల్లి చూపు తొట్టి మీద లేదు, తన మీదా లేదు, రెంటికీ మధ్య ఎక్కడో ఉంది. మెల్లగా సీసా పైకెత్తాడు.

"చేపలు ఎట్టుండాయమ్మా?"

"బాగుండాయి రా. ఎర్రగా, బంగారం మాదిరి."

"బంగారు చేపలు దొరకలేదమ్మా. ఇవి నల్లవి."

చూడామణమ్మ పీచు కింద పడేసింది. ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. "సరే, కనపళ్లేదు! ఏమంటావు ఇప్పుడు? ఆ పీట మీద మాత్రం నన్ను కూర్చోబెట్టబాకండి. నేను అమ్మణిని కాను."

"రేపే ఎగ్మూరు కంటాస్పత్రికి పోదాం," అన్నాడు దామోదరం. అతనికి ఏం చేయాలో తోచక సీసాని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటున్నాడు. "ఏడాదిగా అన్నంలో ఒక్క రాయి తగల్లేదే, నేనెట్లా కనిపెట్టేది?"

"రాళ్లు నేనే ఏరినా. చేతికి తెలీదా ఏం?" అంది చూడామణమ్మ. అనేసి ఆగింది. వడ్లగింజ చేతికి తెలుస్తుంది. నూకంత తెల్లరాయి ఎలా తెలుస్తుంది? పెరటి గుమ్మంలో తడి చేతులతో కోకిల నిలబడి ఉంది.

"కోకిలా, నువ్వు మళ్లా ఏరతా ఉండావా?"

కోకిల తల వంచుకుంది. "మీరు స్నానానికి పోయినప్పుడు అత్తా. కొంచెమే."

"ఎప్పట్నుంచి?"

"పోయిన ఆడిమాసం నుంచి, ఏడాది అయింది."

ఇంత పిల్ల, ఏడాదిగా అంతా తెలిసి, గరిటె జోలికి రాలేదు! చూడామణమ్మకు ఎంత సిగ్గేసిందో, ఆ పిల్లను దగ్గరికి తీసుకోవాలని అంత అనిపించింది. బూడిద చేతులు చూసుకుని ఆగింది.

దామోదరం ఊరుకోలేక తొట్టి చుట్టూ రెండుసార్లు తిరిగాడు. "ఇంక ఇది నాగప్పన్‌కి ఇచ్చేదానికి లేదు, మనమే ఉంచుకోవాల," అని గొణుక్కుని, గీతలు పడ్డ ఆ తొట్టిలోనే నీళ్లు పోసి నల్ల చేపల్ని వదిలాడు.

"ఆస్పత్రికి నువ్వు రా నాతో," అంది చూడామణమ్మ కోడలితో. "వాడొద్దు, వాడికి ఆడ కూడా కాలు నిలవదు. పోయొచ్చినాక వంట మాత్రం నాదే."

"మీదే అత్తా," అంది కోకిల చేట అందుకుంటూ. "రాళ్లు నావి."