పడుకుని చూసిన బండి

మామగారు బూట్లు విప్పి పక్కన జతగా పెట్టారు. తళతళలాడే ఎర్ర కారు వెనక తలుపు ఎత్తించి, వెనక సీట్లు మడిపించి, మెల్లగా లోపలికెక్కి వెల్లకిలా పడుకున్నారు. చేతులు రెండూ పొట్ట మీద పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు. షోరూము సేల్స్‌మన్ నోరు వెళ్ళబెట్టి చూస్తున్నాడు.

"సార్, ముందు సీట్లో కూర్చోండి సార్. ఆ సీటు నడుం కూడా పిసుకుతుంది."

"ముందు సంగతి నువ్వు అరగంట నుంచీ చెప్తూనే ఉన్నావు కదా నాయనా. వెనక సంగతి ఎవరూ చెప్పట్లేదు. అందుకని నేనే చూసుకుంటున్నా."

పక్కనే నిలబడ్డ అల్లుడికి నేల చీలితే అందులోకి దిగిపోదామనిపించింది. సాయం రమ్మని ఈయన్ని పిలవడం తన బుద్ధితక్కువ అనుకున్నాడు. కానీ పిలవకుండా ఉండలేని మనిషి మరి. ముప్పై ఒక్క ఏళ్ళు అంబులెన్సు నడిపి రిటైరైన ఆయన. వీధి వీధంతా ఆయన్ని 'డ్రైవరుగారు' అంటుంది. ఆ మాటంటే ఆయనకి ఎంత పట్టింపంటే, ఆయన నోటితో ఇంకొకర్ని డ్రైవరు అనగా ఇంట్లో ఎవరూ వినలేదు. స్టీరింగు పట్టుకున్న మిగతా జనమంతా ఆయన లెక్కలో బండి తోలేవాళ్ళు. అల్లుడూ అందులోనే.

అల్లుడు కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు కోస్తాడు. అర మిల్లీమీటరు తేడా వస్తే ఆ పూట అన్నం సహించని రకం. భార్య స్కూల్లో సైన్సు టీచరు. వారమంతా చాక్‌పీసులు, పరీక్ష పేపర్లు. ఆదివారం మాత్రం లావు టైర్ల సైకిలెక్కి కొండరాళ్ళ మీద నుంచి దిగుతుంటే, ఈవిడేనా ఇంట్లో బల్లిని చూసి కుర్చీ ఎక్కేది అని అల్లుడు ముక్కున వేలేసుకుంటాడు. తనకీ ఒక సైకిలుంది. దాని మీద ఆవిడ వెనకాలే మంచినీళ్ళూ పంపూ మోసుకుంటూ, రొప్పుకుంటూ వెళ్తాడు.

పోయిన ఏడు కొండ మీద పెద్ద పోటీకి బయల్దేరారు. సైకిళ్ళు రెండూ కారు వెనక స్టాండుకి కట్టింది అల్లుడే. టోల్‌గేటు దగ్గర ధ్యాస ఎటో పోయి, ఉన్నట్టుండి బ్రేకు తొక్కిందీ అల్లుడే. వెనకొస్తున్న లారీ తగిలీ తగలనట్టు తగిలింది. కారుకి గీత పడలేదు. ఆవిడ సైకిల్ వెనక చక్రం మాత్రం ఎనిమిది అంకెలా మెలి తిరిగిపోయింది. అల్లుడి సైకిలేమో ఆవిడ ఎత్తుకి సరిపడదు. ఆవిడ ఒక్క మాటంటే ఒక్క మాట అనలేదు. కొండ మీదకి వెళ్ళి, చొక్కాకి నంబరు కాయితం కుట్టుకుని, పోటీ మొదలయ్యే గీత పక్కన నిలబడి మిగతావాళ్ళకి చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్లు అల్లుడికి ఇవాళ్టికీ చెవిలో వినపడుతూనే ఉన్నాయి.

పైగా ఆవిడకి నడుం నొప్పి. రెండు మూడు గంటలు కుదుపుల్లో కూర్చుంటే కొయ్యలా బిగుసుకుపోతుంది. డాక్టరు సణిగి సణిగి ఈ ఒక్క ఏడాదికే ఊఁ అన్నాడు. వచ్చే ఏడు లేదు. పోటీ ఇంకా నెలన్నర ఉంది.

"ఈసారి సైకిళ్ళు బండి లోపల, నీ నడుం మెత్తగా, మనం టైముకి ముందే అక్కడ. మాటిస్తున్నా," అన్నాడు అల్లుడు.

"ఏ బండైనా ఫర్లేదండీ. నేనే ఎలాగోలా సర్దుకుంటా," అంది ఆవిడ.

అదిగో, ఆ సర్దుకుంటా అన్న మాటే అల్లుణ్ణి తినేసింది. పాత కారు అమ్మేసి, ఆఫీసు కాయితాల్లా క్యాటలాగులు ముందేసుకుని కూర్చుని, అన్నిట్లోకీ వేగమైనదీ, మెత్తనిదీ, డిక్కీ పెద్దదీ అని ఈ ఎర్ర కారు తేల్చాడు.

"డిక్కీ ఆరు వందల యాభై లీటర్లు మామయ్యగారూ!" అన్నాడు గొప్పగా.

"నీళ్ళు పోయడానికా?" అన్నారు మామగారు పడుకునే. తరవాత లేచి కూర్చున్నారు. "సైకిల్ తెచ్చారుగా. ఎక్కించండి చూద్దాం."

భార్య సైకిల్‌ని ఆవిడ కంటే జాగ్రత్తగా నడిపించుకుంటూ తెచ్చాడు అల్లుడు. ముందు చక్రం విప్పాడు, సీటు కిందికి దించాడు, ఎత్తి లోపలికి తోశాడు. హ్యాండిలు తలుపు పైఅంచుకి టకీమని తగిలి ఆగిపోయింది. వంచాడు, తిప్పాడు, పక్కనుంచి దూర్చబోయాడు. ఊహూఁ. లోపల జానెడు ఖాళీ కనపడుతూనే ఉంది. వెనక తలుపు మాత్రం ఆ ఎత్తుకి నాలుగు వేళ్ళు తక్కువ. అల్లుడు లోపలి ఎత్తు క్యాటలాగులో మిల్లీమీటర్లతో సహా బట్టీ పట్టాడు కానీ, తలుపు ఎత్తు చూడనే లేదు. నాలిక్కరుచుకున్నాడు.

"పడుకోబెట్టి ఎక్కించొచ్చు సార్," అన్నాడు సేల్స్‌మన్.

"ఒకదాని మీద ఒకటా? గొలుసూ గొలుసూ పెనవేసుకుని గీసుకుంటాయి నాయనా," అని మామగారు బూట్లు తొడుక్కున్నారు.

రెండో చోట చూసింది సామాన్లు మోసే పెద్ద వ్యాన్. అందులో సైకిళ్ళు రెండేం ఖర్మ, ఆరు పడతాయి. అల్లుడికి ప్రాణం లేచొచ్చింది. మామగారు మళ్ళీ బూట్లు విప్పారు, మళ్ళీ పడుకున్నారు, ఒక చేత్తో సైకిల్ ఫ్రేము పట్టుకున్నారు. షోరూము మనిషి అల్లుణ్ణి ముందు కూర్చోబెట్టుకుని బండిని ఊళ్ళోకి తీసుకెళ్ళి పావుగంటలో తిరిగి తెచ్చాడు. తలుపు తీసేసరికి మామగారి జుట్టు చెదిరి, కళ్ళజోడు నుదుటి మీదకెక్కి ఉంది.

"ఇంకా ఎంత దూరం అని మూడుసార్లు అడిగాను. మీకు వినపడిందా?"

"లేదండీ," అన్నాడు అల్లుడు.

"వినపడదు. అదే నేను చెప్పేది."

బయట టీ కొట్టు దగ్గర నిలబడి ఆయన గ్లాసు పట్టుకున్నారు, తాగలేదు.

"రెండేళ్ళ కింద నాకు గుండెనొప్పి వచ్చినప్పుడు నన్ను తీసుకెళ్ళిన అంబులెన్సు ఎవరిదో తెలుసా? నాదే. పదకొండేళ్ళు నేను నడిపిన బండే. నా తరవాత వచ్చిన అబ్బాయి తోలుతున్నాడు. మనింటి నుంచి ఆసుపత్రి నాలుగు కిలోమీటర్లు. కళ్ళు మూసుకుని చెప్పగలను ఆ దారి. అలాంటిది, ఇంకా ఎంత దూరం, ఇంకా ఎంత దూరం అని నర్సమ్మని చంపుకు తిన్నానండీ! ప్రతి గుంటా వీపులో దిగింది. ప్రతి బ్రేకుకీ గుండెకాయ ముందుకొచ్చి వెనక్కి వెళ్ళింది. అప్పుడనిపించింది. ముప్పై ఒక్క ఏళ్ళలో నా వెనక ఎంతమంది ఇలాగే అడిగి ఉంటారు? నేను సైరన్ మోగించుకుంటూ, భలే తోలుతున్నాననుకుంటూ పోయాను. ఒక్కరి మాటా నాకు వినపడలేదు అల్లుడుగారూ."

అల్లుడు తన గ్లాసు బల్ల మీద పెట్టేశాడు. పన్నెండేళ్ళుగా ఈయన్ని మామయ్యగారూ అని పిలుస్తున్నాడు. ఈ వయసులో, నలుగురూ నవ్వుతున్నా లెక్కచెయ్యకుండా, ఊళ్ళో బండి బండికీ వెనక ఎక్కి ఎందుకు పడుకుంటున్నారో ఇప్పుడు తెలిసింది. పొద్దున్న ఈయన్ని చూసి సిగ్గుపడ్డందుకు ఇప్పుడు తన మీద తనకే సిగ్గేసింది.

"స్పీడు ముల్లు నూటయాభై చూపిస్తే ఫాస్టు కాదండీ. వెనకున్నవాళ్ళు ఇంకా ఎంత దూరం అంటే అది నత్తనడక. దిగేటప్పుడు అప్పుడే వచ్చేశామా అంటే, అదీ ఫాస్టు," అని ఆయన చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేశారు.

ఆ లెక్కన వెతగ్గా వెతగ్గా, పది రోజులకి, పాత బండ్ల యార్డులో మూలన దొరికిందది. బూడిదరంగు ఏడు సీట్ల వ్యాన్. చూడ్డానికి వెలిసిపోయిన గొడుగులా ఉంది. యార్డు యజమానురాలు కూడా దాన్ని చూపించడానికి మొహమాటపడింది. కానీ మామగారి కళ్ళు మెరిశాయి. నేల మోకాలి కంటే కిందికి ఉంది, సైకిల్ ఎత్తి కుస్తీ పట్టక్కర్లేదు. పక్క తలుపు జరుగుతుంది. వెనక తలుపు నిలువెత్తు. నాలుగు సీట్లు పీకేస్తే, ముందు చక్రాలు విప్పిన సైకిళ్ళు రెండూ పక్కపక్కనే నిలబడ్డాయి. నిలబడ్డాక కూడా ఒక సీటు, వెనక్కి వాల్చి పడుకోగలిగిన సీటు, వాటి పక్కన హాయిగా మిగిలింది. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య ఇంత దూరం ఉంటే గుంటలో పడ్డా ఉయ్యాల ఊగినట్టే ఉంటుందన్నారు మామగారు. ఆయన వెనక పడుకోగా యజమానురాలు తోలుకెళ్ళింది. ఊరి చివర మిట్ట ఎక్కేటప్పుడు ఆ డీజిలు ఇంజను గేరు మార్చమని కూడా అడగలేదు. ఎద్దులా పోయింది, ఎగశ్వాస లేదు, దిగశ్వాస లేదు. ముందు కూర్చున్న అల్లుడు ముల్లు చూసి ఉలిక్కిపడ్డాడు. అంత వేగంలో ఉన్నట్టు ఒంటికి తెలియనే లేదు.

తిరిగొచ్చాక మామగారు దిగి, కన్నకూతురి వీపు తట్టినట్టు వ్యాన్ నేల తట్టారు.

"అడగబుద్ధే కాలేదండీ ఒక్కసారి కూడా. ఇదే మన బండి. ఇప్పుడు మీరు తోలండి."

అల్లుడు హుషారుగా స్టీరింగు ముందు కూర్చున్నాడు. యార్డు గేటు దాటాడో లేదో వెనకనుంచి వినపడింది, "ఇంకా ఎంత దూరం?" మలుపులో ఒకసారి. సిగ్నలు దగ్గర ఒకసారి. బడి ముందు వరసగా రెండుసార్లు. అరగంటలో పద్నాలుగయ్యాయి.

"బండికి వంక లేదు," అన్నారు మామగారు దిగుతూ. "వంక స్టీరింగు దగ్గరుంది."

వేరే ఎవరైనా అంటే అల్లుడికి ఒళ్ళు మండేది. టోల్‌గేటు దగ్గర తను తొక్కిన బ్రేకు గుర్తొచ్చింది. "నేర్పండి మామయ్యగారూ," అన్నాడు.

నెల రోజులు, షాపు తెరిచే ముందు రోజూ గంట. చిలక్కి చెప్పినట్టు చెప్పారాయన, కానీ అంతా వెనకనుంచి, పడుకునే. ముందు బండిని కాదు, దాని ముందు బండిని చూడండి. ఆగబోయే చివరి అడుగులో బ్రేకు మీద కాలు కాస్త వదలండి, అప్పుడు మెడ ముందుకి తూలదు. మలుపులోకి వెళ్ళాక కాదు, వెళ్ళకముందే తగ్గండి. అల్లుడికి తల ప్రాణం తోకకొచ్చింది. ఒకరోజు బాగా పోయిందనుకుంటే మర్నాడు కుక్క అడ్డమొచ్చి పద్నాలుగుకి పద్నాలుగూ మళ్ళీ మొదలు. కానీ మూడో వారంలో ఒక విచిత్రం జరిగింది. ఎక్కడా తొందరపడకుండా తోలిన రోజు, అదే దారిలో నాలుగు నిమిషాలు ముందే ఇంటికొచ్చారు. అల్లుడు నమ్మలేక వాచీ చెవి దగ్గర పెట్టుకున్నాడు. వెనకనుంచి మామగారి గురక వినపడుతోంది.

పోటీ రోజు తెల్లారగానే బయల్దేరారు. మూడున్నర గంటల దారి. వెనక సైకిళ్ళు రెండూ నిలబడి ఉన్నాయి. వాటి పక్క సీటు వాల్చుకుని ఆవిడ పడుకుంది. మామగారు మొదటిసారి ముందు సీట్లో కూర్చున్నారు. దారిపొడుగునా ఒక్క సలహా ఇవ్వలేదు. అది అల్లుడికి మరీ భయంగా ఉంది.

టోల్‌గేటు వచ్చింది. అదే గేటు. అద్దంలో వెనక లారీ కూడా కనపడింది. అల్లుడు స్టీరింగు గట్టిగా పట్టుకున్నాడు. ముందు బండిని కాదు, దాని ముందు బండిని చూశాడు. దూరం నుంచే తగ్గుతూ వచ్చాడు, చివరి అడుగులో కాలు కాస్త వదిలాడు. వ్యాన్ ఆగింది. వెనక సైకిల్ చక్రాల్లో ఒక్క చువ్వ కూడా చప్పుడు చెయ్యలేదు. లారీ కూడా మర్యాదగా వెనకెక్కడో ఆగింది. మామగారు కిటికీలోంచి బయటికే చూస్తున్నారు.

అక్కడి నుంచి కొండదారి. మలుపు మీద మలుపు. ఎక్కినంతసేపూ వెనకనుంచి చిన్న మూలుగైనా వస్తుందేమోనని అల్లుడు చెవులు రిక్కించి తోలాడు. ఏమీ రాలేదు.

పైన మైదానంలో రంగురంగుల జెండాలు, జనం, మైకు. పేర్లు రాసుకోవడానికి ఇంకా ముప్పావుగంట ఉంది. అల్లుడు బండాపి ఇంజను కట్టేశాడు. వెనక్కి తిరిగి చూడటానికి ధైర్యం చాల్లేదు. మామగారే దిగి వెళ్ళి పక్క తలుపు జరిపారు.

ఎండ మొహాన పడేసరికి ఆవిడ కళ్ళు నులుముకుంది. చెంప మీద సీటు కుట్ల గుర్తులు పడి ఉన్నాయి. నడుం మీద చెయ్యి వేసుకోకుండానే, ఒక్క ఊపున లేచి కూర్చుంది. బయటి జెండాలు చూసి తెల్లబోయింది.

"అదేంటి నాన్నా! అప్పుడే వచ్చేశామా?"

మామగారు చాలాసేపు జేబురుమాలు కోసం వెతుక్కుని, కళ్ళజోడు తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నారు. తరవాత వ్యాన్ చుట్టూ తిరిగి ముందు తలుపు దగ్గరికొచ్చారు. స్టీరింగుకి తల ఆనించి కూర్చున్న అల్లుడి కోసం తలుపు తనే తెరిచి పట్టుకున్నారు.

"దిగండి డ్రైవరుగారూ," అన్నారు. "అమ్మాయి సైకిల్ దింపాలి."