ఒకే అట్టకు పది తూటాలు

ఆమెకు తుపాకీ అంటే భయం లేదు, గురి నేర్పే మాస్టారి చేతిలోని స్టాప్‌వాచ్ అంటేనే భయం. ఆయన దాన్ని నొక్కగానే ఎవరో వెనక నుంచి తరుముకొస్తున్నట్టు అయిదు తూటాలూ గబగబా వదిలేసేది. అలాగే రెండుసార్లు పరీక్ష తప్పింది. ఇవాళ మూడోసారి, ఇదే ఆఖరు. నెగ్గితే బ్యాంకు డబ్బుల వ్యానుకు కాపలాగా పగటి డ్యూటీ. లేదంటే గోదాము గేటు దగ్గర ఇప్పటిలాగే రాత్రి కాపలా. రెండేళ్ల కూతురు నాలుగు నెలలుగా నాయనమ్మ పక్కలోనే పడుకుంటోంది. మొన్న నిద్రలో లేచి ఆవిడనే "అమ్మా" అందట. అత్తగారు నవ్వుతూనే చెప్పారు గానీ, ఆ పూట ఈమెకు ముద్ద దిగలేదు.

"పిస్టల్‌కి పదిహేను సెకన్లు, రైఫిల్‌కి నలభై. చెరో అయిదు తూటాలు. మొత్తం ఏడు, అట్ట మీది నల్ల గుండ్రంలో పడాలి," అన్నారు మాస్టారు.

"ఏంటి చెల్లాయ్, అలా వణుకుతున్నావ్? అట్ట తిరిగి కాల్చదులే!" అన్నాడు పక్కన నిలబడ్డ వ్యాను డ్రైవరు. ఆకారం చూసి అందరూ అతన్ని బండన్న అంటారు. ఏడాదికోసారి ఈ పరీక్ష అతనికీ తప్పదు.

"నీకేం అన్నా, ఉన్న ఉద్యోగం. నాది ఇంకా రావాలి."

"అందుకే చెబుతున్నా. నిదానమే ప్రధానం."

పిస్టల్‌తో మూడు లోపల పడ్డాయి. ఇక రైఫిల్‌తో నాలుగు కావాలి. చాప మీద బోర్లా పడుకుని, ఊపిరి సగం వదిలి, నెమ్మదిగా మీట లాగింది. పక్కన బండన్న తుపాకీ పెళపెళమంటూనే ఉంది. అయినా ఆమె తొందరపడలేదు. అయిదో తూటా వెళ్లిన రెండు క్షణాలకు విజిల్ మోగింది.

తుపాకులు ఖాళీ చేసి, అందరూ అట్టల దగ్గరకు నడిచారు. ఆమె అట్ట చూసి మాస్టారు నొసలు చిట్లించారు. పిస్టల్ బెజ్జాలు పెద్దవి, అయిదు. చిన్నవి, రైఫిల్‌వి, ఏకంగా పది! ఆరు లోపల, నాలుగు బయట. బండన్న అట్ట మీద రైఫిల్ బెజ్జం ఒక్కటీ లేదు.

"ఏమయ్యా, నీ అట్టకి నీ మీద అలకా?"

బండన్న తల గోక్కున్నాడు. పిస్టల్ నిలబడి కాల్చినవాడు రైఫిల్ కోసం ఒక్కసారిగా పడుకుంటే ఎదురుగా ఉన్న అట్ట పక్కకు జరిగినట్టు ఉంటుంది. అట్ట మీది అంకె చూసుకోకపోతే తూటాలన్నీ పక్కవాళ్ల అట్టకే. "లోపలివన్నీ చెల్లాయివే సార్. నా తూటాలు అంత బుద్ధిగా పడవు."

"నీ మాట మీద మార్కులెయ్యను. నీ పరీక్ష సంగతి తర్వాత చూద్దాం. ఏది ఎవరిదో తెలియనప్పుడు ఆ అయిదూ మళ్ళీ కాల్చాల్సిందే. ఏమ్మా?"

చేతికందింది నోటికందలేదనుకుంది ఆమె. కానీ కొత్త అట్ట కడుతుంటే చిత్రంగా ఒక సంగతి తట్టింది: విజిల్‌కి ముందే అయిదూ నిదానంగా కాల్చగలిగింది కదా! ఒకసారి చేసింది మళ్ళీ చేయలేదా?

ఈసారి ఆమె ఒక్కతే పడుకుంది. బండన్న దూరంగా, చేతులు కట్టుకుని, బడిలో దెబ్బలు తిన్నవాడిలా నిలబడ్డాడు. ఒకటి. ఊపిరి. రెండు. ఊపిరి. స్టాప్‌వాచ్ ఒకటుందన్న సంగతే ఆమె మరిచిపోయింది.

మాస్టారు అట్ట మీద వేలు పెట్టి లెక్కపెట్టారు. "నాలుగు. ఒకటి గీత బయట. ఏడు అయ్యాయి. సోమవారం పొద్దున్న వ్యాను దగ్గరికి రా."

ఆమె అక్కడే మట్టిలో చతికిలబడింది. "హమ్మయ్య" అన్నది ఆమె కాదు, బండన్న.

బయటికొచ్చి ఫోన్ చేసింది. "అత్తయ్యా, నెగ్గాను. సోమవారం నుంచి రాత్రిళ్లు పాప నా దగ్గరే."

"సోమవారం నుంచేనా?" అన్నారు ఆవిడ. తర్వాత నవ్వేశారు. "బతికించావే తల్లీ! తన్ని తన్ని నా నడుము విరగ్గొట్టింది నీ కూతురు. ఇక నీ వంతు."