పదిహేడో మిషన్

ఆ కుట్టు కర్మాగారంలో మేస్త్రి గొంతు విప్పాడంటే నాలుగు వీధుల అవతల పడుకున్న పిల్లి ఉలిక్కిపడి లేచేదట. పిల్లి సంగతి ఎలా ఉన్నా, మూడో అంతస్తులోని ముప్పై రెండు కుట్టుమిషన్లూ ఆ గొంతుకే ఆగేవి, ఆ గొంతుకే కదిలేవి. పేర్లు పెట్టి పిలిచే ఓపిక ఆయనకు లేదు. భోజనాలయ్యాక రిజిస్టరు తెరిచి మిషన్ నంబర్లే పిలిచేవాడు.

పదహారో మిషన్ పెద్దకోడలిది, పదిహేడోది చిన్నకోడలిది. ఇద్దరూ ఒకే ఇంటి తోడికోడళ్లు. చిన్నదానికి అయిదు నెలల పాప ఉంది. ఆ పాపకు పగలంతా నిద్ర, రాత్రంతా కచేరీ. అందుకని అన్నం తినగానే చిన్నది బట్టల గదిలో తానుల వెనక ఓ అరగంట నడుం వాల్చేది. "పదహారు!" అంటే పెద్దకోడలు తన గొంతుతో "ఉన్నా" అనేది. "పదిహేడు!" అంటే ముక్కు బిగించి సన్నగా "ఉన్నానండీ" అనేది. మూడు నెలలుగా ఇదే తంతు.

ఆ రోజు కింది అంతస్తులో ఇస్త్రీ బల్ల దగ్గర తీగ కాలి, పక్కనున్న బట్టల గుట్ట అంటుకుంది. ప్రమాద గంట మోగింది. తడిగుడ్డలు ముక్కుకు అడ్డం పెట్టుకుని, వంగి, గోడ తడుముకుంటూ అందరూ మెట్లు దిగారు. బట్టల గది పక్కనే వెనక మెట్లున్నాయి కదా, చిన్నది ఈపాటికి దిగే ఉంటుందనుకుంది పెద్దకోడలు.

గేటు బయట మేస్త్రి రిజిస్టరు తెరిచాడు.

"పదహారు!"

"ఉన్నా."

"పదిహేడు!"

"ఉన్నానండీ."

ఆలోచించి అన్నమాట కాదు. నోటికి అలవాటైపోయి అదే పలికేసింది. లెక్క ముప్పై రెండుకు ముప్పై రెండూ సరిపోయింది.

"అందరూ వచ్చేశారండీ! లోపల ఈగ కూడా లేదు" అన్నాడు మేస్త్రి, అప్పుడే బండి దిగిన అగ్నిమాపక అధికారితో.

పెద్దకోడలు మెడ తిప్పి గుంపంతా వెతికింది. చిన్నది లేదు. నిజం చెబితే ఇద్దరి పనీ ఊడుతుందన్న ఆలోచన ఒక్క రెప్పపాటు అడ్డం పడింది. ఆ రెప్పపాటుకు ఆమె తర్వాత చాలాకాలం తనను తాను తిట్టుకుంది.

"లేదు బాబూ! పదిహేడు లోపలే ఉంది! దాని బదులు నేనే పలికాను!" అని అరుస్తూ మెట్ల వైపు పరుగెత్తింది.

అధికారి ఆమె భుజం పట్టి ఆపాడు. "నువ్వు వెళితే ఇద్దరిని వెతకాలమ్మా. ఎక్కడుందో చెప్పు, అదే పెద్ద సాయం."

"మూడో అంతస్తు. వెనక మూల, బట్టల గది. నీళ్ల ట్యాంకు వైపు కిటికీ ఉంది."

అందరూ భవనం వెనక్కి పరుగెత్తారు. ఆ కిటికీలోంచి ఎర్రటి గుడ్డ ఒకటి ఆగకుండా ఊగుతోంది. నిచ్చెన లేచింది. క్షణాలు గంటలంత సాగాయి. చివరికి మసిబారిన మొహంతో చిన్నకోడలు దిగింది.

"తలుపు తీస్తే మెట్ల నిండా పొగే, అక్కా" అంది దగ్గుతూ. "మళ్లీ మూసేసి, సందుల్లో గుడ్డలు కుక్కి, కిటికీ దగ్గర కూర్చున్నా. ఎంత అరిచినా ఎవరూ ఇటు రాలేదేం?"

"అందరం వచ్చేశామని నేనే చెప్పానే, చెల్లీ" అంటూ పెద్దకోడలు దాన్ని వాటేసుకుని భోరుమంది. తర్వాత మేస్త్రి వైపు తిరిగింది. "తప్పు నాది. పనిలోంచి తీసేస్తే నన్ను తీసెయ్యండి."

మేస్త్రి నేల మీదే కూలబడ్డాడు. "నీ దొంగగొంతు నాకు తెలీదనుకున్నావా తల్లీ? మొదటి రోజే కనిపెట్టా. పసిపిల్ల తల్లి కదా, పోనీలే అని రాసుకున్నా. ఇవాళా అలవాటుగా రాసేశా."

నలుగురినీ హడలెత్తించే ఆ గొంతు ఇప్పుడు పక్కవాళ్లకే సరిగా వినిపించడం లేదు.

చిన్నకోడలు తనకిచ్చిన నీళ్లసీసాలోంచి ఓ గుక్క తాగి, మిగతాది ఆయన చేతిలో పెట్టింది.

"ముందు మీరు తాగండి మేస్త్రిగారూ. నాకంటే మీరే ఎక్కువ బెదిరిపోయారు."