తేలే నూనె

ఇటుకల బట్టీ భోజనశాలలో కూర మీద నూనె తేలాలి. తేలకపోతే వంటమనిషి దొంగ. ఈ న్యాయం కనిపెట్టిన మహానుభావుడు బట్టీ మేస్త్రీ. అయిదేళ్ల కిందట ఒకరోజు కూర పొడిగా ఉందని, "నూనె ఇంటికి మోస్తున్నావా?" అంటూ వంటక్కను నలభై మంది ఎదుట నిలదీశాడు. ఆ నలభై మందిలో ఆమె మొగుడూ ఉన్నాడు. తల వంచుకుని తిన్నాడే తప్ప నోరు మెదపలేదు. ఆనాటి నుంచి వంటక్క, దించిన కూర మీద అందరూ చూస్తుండగా డబ్బా వంచి ధారాళంగా నూనె పోస్తోంది. "కళ్లారా చూసుకోండి, తర్వాత నా మీద పడి ఏడవకండి" అంటుంది.

కిందటి వారం సర్కారు దవాఖానా నర్సు వచ్చి పరీక్షకని అందరి రక్తమూ తీసుకెళ్లింది. ఇవాళ కాగితాలు పట్టుకొచ్చింది. వంటక్క మొగుడి రక్తంలో కొవ్వు మూడు వందల పది. రెండు వందలు దాటకూడదట.

"వీడికా? గాలొస్తే ఎగిరిపోయేట్టున్నాడు, వీడికి కొవ్వేంటి!" మేస్త్రీ పళ్లికిలించాడు.

నర్సు నవ్వలేదు. నిన్న మిగిలిన కూరగిన్నె తెచ్చి, పైన చలికి తెల్లగా పేరుకున్న పామాయిల్ నూనెను చెంచాతో గీకి చూపించింది. "మనిషి సన్నగా ఉంటే రక్తంలో కొవ్వుండదా? ఇదిగో, రోజూ తింటున్నారు. ఎవరు పోస్తున్నారిది?"

అందరి వేళ్లూ వంటక్క వైపు తిరిగాయి. మేస్త్రీ వేలు అన్నిటికంటే ముందు.

వంటక్కకు ఒళ్లు మండిపోయింది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. పోయకపోతే దొంగ, పోస్తే హంతకురాలు. అయినా కోపం కంటే భయమే ఎక్కువగా ఉంది. నెల రోజులుగా మొగుడు ఇటుకలు మోస్తూ మధ్యలో ఆగి ఛాతీ రుద్దుకోవడం ఆమె చూస్తూనే ఉంది. గ్యాసని సరిపెట్టుకుంది.

మర్నాడు కూరలో నూనె సగానికి సగం తగ్గించింది. పైన చుక్క పోయలేదు.

మేస్త్రీ గరిటెతో కెలికి చూశాడు. "మళ్లీ మొదలెట్టావన్నమాట. మిగతాది ఎవరింటికి చేరింది?"

ఈసారి మొగుడు నోరు తెరిచాడు. అయిదేళ్లుగా వంటక్క ఎదురుచూసిన నోరు అది.

"పొయ్యవే. పదిమందిలో నా పరువు తియ్యకు."

వంటక్క డబ్బా మూత బిగించి చంకన పెట్టుకుంది.

"అవును, దొంగదాన్నే. ఇక రోజూ దొంగిలిస్తా. పరువు నువ్వే ఉంచుకో. నాకు మొగుడు కావాలి."

పొడికూర మొదట అతని పళ్లెంలోనే వేసి, "తిను" అంది.

అతను మేస్త్రీ వైపు చూశాడు. తర్వాత అయిదేళ్ల కిందటిలాగే తల వంచుకుని తిన్నాడు.