బెంచీలు పీకేసిన పార్కు

కోడలికి కోపం వస్తే మాట తగ్గి నడక పెరుగుతుంది. ఆ సాయంత్రం అత్తగారు వెనకబడిందని కూడా చూసుకోకుండా పార్కు గేటు దాకా వచ్చేసింది.

"నీ కోపం నా మోకాళ్ల మీద చూపించకే," అంది అత్తగారు, గేటు ఊచ పట్టుకుని.

ఊరి నడిబొడ్డున ఉన్న పార్కు అది. ఆపరేషనైన మోకాలితో అత్తగారు సగం చుట్టు నడిచి, బెంచీ మీద కూలబడి, నాలుగు కబుర్లు చెప్పుకుని, మిగతా సగం పూర్తిచేసేది. పోయిన వారం బెంచీలన్నీ పీకేశారు. పార్కుకు పాత కళ తెస్తున్నారట. కమిటీ అధ్యక్షుడికి పార్కు పుట్టినప్పటి ఫోటో ఒకటి దొరికింది. అందులో పచ్చిక ఉంది, గుర్రాలున్నాయి, బెంచీలు లేవు. గుర్రాల్ని తేవడం కష్టమని బెంచీల్ని తీసేశారు.

అప్పటినుంచీ అత్తగారు సగం దారిలో చెట్టుకు ఆనుకుని, ఆయాసపడుతూ వెనక్కి తిరిగేది. నిన్నయితే గడప దాటలేదు. "ఇంక చాల్లే అమ్మాయ్, ఇంట్లోనే పడుంటా," అంది. ఆ మాట కోడలికి ఒళ్లంతా కారం రాసినట్టయింది.

ఇవాళ ప్రారంభోత్సవం. పచ్చిక మీద పందిరి, గుడ్డలు తొడిగిన కుర్చీలు. చాటుగా అందరూ 'ఉచితసలహా' అని పిలుచుకునే అధ్యక్షుడు మైకు పట్టుకుని పార్కు చరిత్ర చెబుతున్నాడు.

"ఆ రోజుల్లో ఇక్కడ ఎంత ప్రశాంతంగా ఉండేదో ఊహించండి."

"ఎవర్నైనా రానిస్తే కదా," అంది అత్తగారు. గొంతు తగ్గించడం ఆవిడకు బొత్తిగా చేతకాదు. "గొప్పోళ్లు గుర్రాలు తిప్పుకున్న చోటిది. మా అమ్మావాళ్లు కంచె అవతల నిలబడి చూసేవాళ్లు. జనం పోట్లాడి గేటు తెరిపించాకే బెంచీలొచ్చాయి. గుర్రాలకు బెంచీలెందుకు?"

ఎవరో కిసుక్కున నవ్వారు. ఉచితసలహా మైకు మూసి, "తర్వాత మాట్లాడుకుందాం పెద్దమ్మగారూ. అన్నట్టు, రోజూ మెట్లెక్కండి, మోకాళ్లకు మంచిది," అన్నాడు.

కోడలికి అరికాలి మంట నెత్తికెక్కింది. అత్తగారి చెయ్యి పట్టుకుని తిన్నగా ముందు వరుసకు నడిపించి, ఖాళీగా ఉన్న ఆయన కుర్చీలోనే కూర్చోబెట్టింది.

"అది నా సీటమ్మా."

"తెలుసండీ. కూర్చుంటే కొవ్వు పేరుకుంటుందని మీరే కదా చెప్తారు."

"ఎంతసేపు కూర్చుంటారేంటి?"

"బెంచీలు వేసేదాకా."

"ఇదేం మర్యాద?"

"మర్యాద ఇంట్లో పెట్టి తాళం వేసొచ్చాం."

రోజూ బెంచీల మీద కబుర్లాడే వాళ్లంతా ఒక్కొక్కరే వచ్చి, అతిథుల కోసం వేసిన మిగతా కుర్చీల్లో సర్దుకున్నారు. అప్పుడే కారు దిగిన ముఖ్య అతిథి కొత్త బూట్లలో ఆ కాలి మీదా ఈ కాలి మీదా బరువు మోపుతూ, "ఇంతకీ ఆ బెంచీలు ఎక్కడ పడేశారండీ?" అన్నాడు.

"గోడౌన్లో సార్. రేపు తెప్పించేస్తాను," అన్నాడు ఉచితసలహా.

కోడలు అత్తగారి పక్క కుర్చీ లాక్కుని కూర్చుంది. కోపం ఇసుమంతైనా తగ్గలేదు.

"ఆయనగారి 'రేపు' ఎప్పుడొస్తుందో చూద్దాం," అంది. "మీరు కాళ్లు చాపుకోండి అత్తయ్యా."