పోలమ్మ తలలో ఒక సంచి

నేను ఒక సంచిని. మేకుకు తగిలించేదాన్నో, బజారుకు పట్టుకెళ్ళేదాన్నో అనుకునేరు. విశాఖపట్నం జాలరిపేటలో చేపలమ్ముకున్న పోలమ్మ తలకాయలో పుట్టినదాన్ని. ఒక తలవెంట్రుక మందంలో నాలాంటివాళ్ళం వందలమందిమి సర్దుకుని కూర్చోగలం. నాకు గోనె లేదు, గుడ్డ లేదు. నన్ను కన్న కణం తన ఒంటి పొరనే కాస్త ఉబ్బించి, చిటుక్కున తెంపి, బయటికి వదిలింది. ఇంత నలుసుకు ఆత్మకథేమిటని నవ్వుతారేమో, నవ్వండి. చివరికంటా వింటే నవ్వరు.

నన్ను కన్నది మైక్రోగ్లియా అనే జాతి కణం. మెదడుకు కాపలా కాయడం, ఊడ్చి శుభ్రం చేయడం రెండూ వాళ్ళ పనే. సన్నటి చేతులు చాచి అటూ ఇటూ తడుముతూ, చచ్చినదాన్నీ పాడైనదాన్నీ మింగి అరిగించుకుంటారు. పాపం, నోరు లేనివాళ్ళు. ఒకరికొకరు ఏదైనా చెప్పుకోవాలంటే మాలాంటి సంచుల్లో కబురు మూటగట్టి పంపుకుంటారు. ఏ గుమ్మానికి చేరితే ఆ ఇంటివాళ్ళు మమ్మల్ని పొరతో సహా తమలో కలుపుకుని, లోపలి మాట ప్రకారం నడుచుకుంటారు. చెప్పుడు మాటలని కొట్టిపారేయడం మా లోకంలో లేదు. ఆ విషయంలో మీరు మాకంటే పెద్ద తెలివైనవాళ్ళేమీ కారని విన్నాను.

పోలమ్మ ఒంట్లో ఓపిక ఉన్నన్నాళ్ళూ నెత్తిన గంప పెట్టుకుని వీధివీధీ తిరిగింది. "కానాగంతలోయ్!" అని ఆవిడ కేక వేస్తే మేడల మీద పిల్లులు కూడా లేచి కూర్చునేవట. అప్పట్లో మా అమ్మ కూడా, అంటే నన్ను కన్న కణం, బుద్ధిగానే పనిచేసేది. ముసలితనం వచ్చాక పోలమ్మ మెదడులో ఒక రకం జిగట చెత్త పేరుకుపోయింది. మా అమ్మ మింగింది. అరగలేదు. అరగకపోయినా మింగింది. కడుపు నిండిపోయాక ఏం చేయాలి? మీ వీధుల్లో చేసేదే చేసింది. ఇంట్లో చెత్తంతా మూటగట్టి పక్కింటి గుమ్మంలోకి విసిరింది. ఆ మూటలే నా అన్నలు. చెత్త పడిన ప్రతి గుమ్మమూ గోల పెట్టింది. గోల విన్న ప్రతి కాపలా కణమూ రెచ్చిపోయి, బాగున్నవాటిని కూడా తినడం మొదలుపెట్టింది. కంచే చేను మేస్తే ఇక చెప్పుకునేదెవరికి?

పోలమ్మ మొదట పొయ్యి మీద కూర మరిచింది. తర్వాత ఇంటి దారి మరిచింది. పెద్దాసుపత్రి డాక్టరు ఇది వెనక్కి మళ్ళే జబ్బు కాదని చెప్పేశాడు. కూతురు నూకరత్నం ఆ మాట నమ్మలేదు. తల్లి గంప తాను ఎత్తుకుంది. రోజూ పొద్దున్నే వీధుల్లోకి వెళ్ళేముందు తల్లిని అరుగు మీద కూర్చోబెట్టి, గంపలోంచి ఒక్కో చేప తీసి చూపించడం అలవాటు చేసింది.

"అమా, ఇదేటి సేప?"

"నన్నేటి ఎర్రిదాన్ననుకున్నావేటే? వంజరం."

"మరిది?"

"అదా... నాకెరికే. నువ్వే సెప్పు సూద్దాం."

పోలమ్మ జ్ఞాపకంలోంచి ముందు సందువ పోయింది, తర్వాత సావడాలు పోయాయి. కానాగంతలు కొన్నాళ్ళు నిలిచాయి. నూకరత్నం చేపలన్నీ అడిగింది గానీ, తన పేరు మాత్రం ఒక్కనాడూ అడగలేదు. తల్లి కూడా ఆమెను "ఏటే", "గుంటా" అనే పిలుస్తోంది. ఎదురింటి అసిరమ్మ ఒకసారి అననే అంది.

"సేపలెందుకే, నీ పేరడిగి సూడు."

"అమ్మో, నానడగను. తెల్దంటే నాను బతకనేను."

అక్కడే పొరపాటు జరిగింది. ప్రేమ కొద్దీ చేసిన పొరపాటు కాబట్టి తిట్టడానికి నాకు మనసు రావడం లేదు. మెదడులో ఒక రివాజు ఉంది. రెండు నాడీకణాలు చేయీచేయీ పట్టుకున్న చోట రాకపోకలు ఉంటేనే అది బతికున్నట్టు లెక్క. ఎవరూ నడవని దారిని కాపలావాళ్ళు పాడుబడిందనుకుంటారు. నూకరత్నం పేరు ఉన్న దారిలో చాలా కాలంగా అడుగు పడలేదు. ఒక పేరు ఒక్కచోటే ఉండదు, నిజమే. కానీ మిగిలిన చోట్లన్నిటినీ మా అన్నలు ముందే పాడుచేసేశారు. ఇదొక్కటే మిగిలింది.

మతి స్థిమితంగా ఉన్న రోజుల్లోనైతే మా అమ్మ ఆ చోటును తట్టి చూసి, కొన్నాళ్ళు ఆగేది. ఇప్పుడు ఆగే స్థితిలో లేదు. అరగని చెత్త ముక్కొకటి, "ఈ దారి పనికిరాదు, చేయి వదిలేయండి" అన్న కబురొకటి నాలో కుక్కి పంపింది. ఏం మోస్తున్నానో నాకు తెలుసు. వెనక్కి తిరగడానికి మాత్రం నాకు కాళ్ళు లేవు.

దారిలో ఇంకో కాపలా కణం తగిలింది. "నన్ను మింగెయ్యి తల్లీ, నీకు పుణ్యముంటుంది" అని మనసులో వేడుకున్నాను. అది నన్ను తడిమింది. దాని కడుపూ ఉబ్బిపోయే ఉంది. పక్కకు తోసేసింది. అలా జారుకుంటూ, ఒక నాడి వెంట పాకుకుంటూ, చేరకూడని గుమ్మానికే చేరాను. నా పొర ఆ గుమ్మం పొరను తాకి కరగడం మొదలుపెట్టింది.

సరిగ్గా అప్పుడే, ఈ పొద్దున, నూకరత్నం గంప దించింది. వంజరం చూపించింది. పోలమ్మ దాని తోక తడిమి వదిలేసింది. కానాగంత చూపించింది. పోలమ్మ దాన్ని చూసి ఊరికే నవ్వింది. నూకరత్నం చేపను గంపలో పడేసి, చేతులు చీరకు తుడుచుకుని, తల్లి ముఖం పట్టుకుంది.

"సేపలు పోతే పోనీలేయే అమా. నానెవుల్ని? నా పేరేటి?"

నా కింద దారి అదిరింది. ఎన్నాళ్ళకో అందులో అడుగు పడింది. సగం కరిగిన నేను ఆ అదురుకు వణికిపోయాను.

"నూకరత్నం," అంది పోలమ్మ. "నా గుంటవి. నువ్వు పుట్టినప్పుడు రొయ్యపిల్లలాగుండీదానివి."

నూకరత్నం ఏడ్చింది, ఏడుస్తూనే నవ్వింది. "ఇన్నాల్లూ బయపడి అడగనేదే అమా! ఇకమీద రోజూ అడుగుతాను."

"అడగవే. నీ పేరు నానెలాగ మరిసిపోతానే?"

నూకరత్నం గంప ఎత్తుకుని వెళ్ళింది. ఇవాళ ఆమె కేక వీధి చివరిదాకా వినిపించింది. ఇదే మాట మొన్ననో, అంతకు ముందో అడిగి ఉంటే దారికి రాకపోకలుండేవి, నన్ను పంపే పనే పడేది కాదు. ఆ మాట ఆమెకు చెప్పేవాళ్ళెవరూ లేరు. చెప్పకపోవడమే మంచిదేమో.

నా పొర ఇంక లేదు. మోసుకొచ్చినదంతా లోపలికి దిగిపోయింది, ఆ రెండు నాడీకణాల చేతులు ఒక్కొక్క వేలే వదులుతున్నాయి. రేపు పొద్దున్న నూకరత్నం అరుగు మీద గంప దించి, ఈసారి భయం లేకుండా, నవ్వుతూ అడుగుతుంది.